నడిపేటోళ్ళ కొలత

"లివర్లు పీకెయ్యాలె అజీం భాయ్!" అనుకుంటనే లోపటికి వచ్చిండు హనుమండ్లు. సలాం లేదు, బాగున్నవా లేదు. బీరంపల్లె బస్సుల కెళ్ళి దిగి, నిర్మల్ బైపాసు మీది దుకాణం దాంక ఎండల పడి నడిచొచ్చినట్టున్నడు. నెత్తికి చుట్టిన తువ్వాల చెమటకు తడిసి ముద్దయ్యింది. "రెండు లివర్లు, గా వాల్వు, గా పైపులు, మొత్తం పీకెయ్యాలె. బండి కంపెనీల కెళ్ళి ఎట్ల వచ్చిందో అట్ల చేసియ్యాలె. శనివారం మా ఇంటికి రా."

అజీముద్దీన్ అప్పుడు ఇంకో చిన్న ట్రాక్టర్ కింద ఎల్లెలుకల పండుకొని ఉన్నడు. చేతుల పానా, పండ్ల నడుమ తెల్ల టేపు ముక్క. టేపు తీసి, "ఏమయింది అన్నా? నూనె కారుతున్నదా?" అనుకుంట పాకి బయటికొచ్చిండు.

"సుక్క కారలే. నీ పనికి వంక వెట్టేటట్టు లేదు." హనుమండ్లు బెంచీ మీద కూలవడ్డడు. "మా బుచ్చవ్వ కాలు నుగ్గయ్యింది భాయ్. పెంట డబ్బా వచ్చి కాలు మీద వడ్డది."

అజీముద్దీన్ పానా కింద పెట్టిండు.

ఆ బండి ఆయనకు మంచిగ యాదికున్నది. పోయిన శివరాత్రి ముందట ఆయన చేతుల మీదనే తయారయ్యింది. చిన్న ట్రాక్టర్లు కంపెనీల కెళ్ళి ఒక్క లిఫ్టుతోనే వస్తయి. సీటుకు కుడి దిక్కు నల్ల గుండు లివర్ ఒకటి ఉంటది. ఎనుకకు గుంజితే లిఫ్టు మీదికి లేస్తది, ముందుకు తోస్తే కిందికి దిగుతది. గంతే, దాని తెలివి గంతవరకే. ఎనుక తగిలిచ్చిన పెంట డబ్బాను వంచాలన్నా, నాగలిని పల్టీ కొట్టియ్యాలన్నా నూనె బలంతోని తోసే ఇంకో జాకు కావాలె. జాకుకు నూనె కావాలె, నూనెను అటు ఇటు పంపేతందుకు వాల్వు కావాలె, వాల్వుకు లివర్లు కావాలె. గా లివర్లు పెట్టుడే అజీముద్దీన్ పని. ఇటు ఖానాపూర్ నుంచి అటు ఉట్నూర్ దాంక చిన్న ట్రాక్టర్ కొన్నోళ్ళు ఈ దుకాణానికే వస్తరు. ఆయన పెట్టిన పైపు కారిందన్నోడు ఇంతవరకు లేడు. ఆ మాట ఆయనే పది మందికి చెప్పుకుంటడు, అది వేరే సంగతి.

"ఎట్లయింది?" అని అడిగిండు, నీళ్ళ చెంబు అందిచ్చుకుంట.

"సోమవారం పొద్దుగాల అత్తాకోడండ్లు పెంట తోలుతున్నరు. నవత బండి మీద, మా బుచ్చవ్వ కింద. డబ్బాను నడుమెత్తు లేపి వంచిన్రు. అడుగున పెంట అంటుకున్నది. బుచ్చవ్వ పారతోని గీకుకుంట 'ఇంకొంచెం వంచు పిల్లా' అన్నదట. మా కోడలు వంచుడు ఇడిసిపెట్టి డబ్బా మొత్తాన్నే కిందికి దించింది." హనుమండ్లు నీళ్ళు గటగట తాగి మూతి తుడుసుకున్నడు. "రెండు వేళ్ళు పోయినయి. పాదం బొక్క ఇరిగింది. దవాఖానల సిమెంటు పట్టీ ఏసిన్రు."

"కోడలు ఏమంటున్నది?"

"ఏమంటది? నేను నల్ల లివర్ ముట్టలే మామా అంటది. ముట్టకుంటే ఎట్ల దిగుతది? దయ్యం దించిందా? ఆడిపిల్ల చేతికి ట్రాక్టర్ ఇచ్చుడే నా బుద్ధి తక్కువ. మా పెద్దోడు ఓంప్రకాశ్ మస్కట్ల కెళ్ళి ఫోన్ల 'నవత నడుపుతది బాపూ' అన్నడు, నేను సరే అన్న. ఊర్ల అందరు వద్దన్నరు, ఇన్లే. ఇగ సాలు. ఆసిఫాబాద్‌ల మా తోడల్లుడు బుచ్చిరాములు బండి అడుగుతుండు, ఆయనకు ఇచ్చేస్త. ఆయనకు నీ లివర్లు వద్దట, ఉత్త బండే కావాలెనట."

హనుమండ్లు లేసిండు. రెండు అడుగులేసి మళ్ళ తిరిగి, అజీముద్దీన్ భుజం మీద చెయ్యేసిండు. "నువ్వు మనసుల పెట్టుకోకు భాయ్. నీ పని మంచిగనే ఉన్నది. నడిపినోళ్ళదే గల్తి."

ఆ మాట ఇన్నంక అజీముద్దీన్‌కు నిమ్మళం కావాలె. కాలే.

దుకాణంల నిలవెట్టిన బండికి ఆ పొద్దు బొక్కలు కొట్టాలె. తమ్ముడు నదీమ్ డ్రిల్లు మిషిన్ల ముల్లు బిగించి, మడ్‌గార్డు మీద రేకు ఫర్మా పెట్టి పట్టుకున్నడు. ఆ ఫర్మాను అజీముద్దీనే కోసిండు. అందుల నాలుగు బొక్కలు; ఫర్మా పెట్టి బొక్కలు కొడితే వాల్వు వచ్చి సక్కగ కూసుంటది. ప్రతీ బండికి మళ్ళ కొలుసుడు లేదు. ఇప్పటికి నాలుగు బండ్లు గా ఫర్మాతోనే అయినయి.

"కొట్టు భాయ్," అన్నడు నదీమ్.

అజీముద్దీన్ మిషిన్ చేతికి తీసుకున్నడు. ముల్లును రేకు బొక్కల పెట్టిండు. మళ్ళ తీసిండు. టోపీ తీసి నెత్తి గోక్కొని మళ్ళ పెట్టుకున్నడు. మిషిన్ కింద పెట్టి, మంచిగ సదిరిపెట్టిన బోల్టుల డబ్బాను బల్ల మీద కుమ్మరిచ్చి చిన్నయి ఒక దిక్కు, పెద్దయి ఒక దిక్కు ఏరుడు షురూ చేసిండు.

"ఏమయింది భాయ్ నీకు?"

"ఈ ఫర్మా మొదలు ఎవలి కొలతతోని కోసినం?"

నదీమ్ ఆలోచన చేసి, "గదే, బీరంపల్లె బండితోనే గదా. పొడుగు పిలగాడు వచ్చిండు సూడు, సంపత్ అని. ఆయన కూసుంటే కొలిసినవ్," అన్నడు.

అవును. ఆయన దుకాణం రివాజే అది. బండి తెచ్చినోడు సీట్ల కూసుంటడు, కుడి చెయ్యి చాపుతడు, చెయ్యి ఏడ నిమ్మళంగ ఆగితే ఆడ అజీముద్దీన్ సుద్దముక్కతోని గీత గీస్తడు. ఇరవై ఏండ్ల సంది గిదే లెక్క. ఆ పొద్దు సంపత్ కూసున్నడు. హనుమండ్లు చిన్న కొడుకు, పెట్రోల్ బంకుల పని చేస్తడు, ఆరడుగుల మనిషి. మొదలు గీసిన గీత మీద లివర్ పెడితే ఆయన మోకాలు తాకింది. "జర ముందుకు జరుపు చాచా" అన్నడు. బెత్తెడు ముందుకు జరిగింది. "ఇంకొంచెం." ఇంకో నాలుగు వేళ్ళు జరిగింది. కొత్త లివర్ల ఎర్ర గుండ్లు పొయ్యి పొయ్యి కంపెనీ నల్ల లివర్‌ను దాటి ముందట కూసున్నయి. సంపత్ చెయ్యి నల్ల లివర్ మీది నుంచి ఆసానీగ దాటిపోయింది. బ్రహ్మాండం అన్నడు సంపత్. అజీముద్దీన్ కూడ బ్రహ్మాండమే అనుకున్నడు.

బండి ఎనుక ఒక పొట్టి ఆడామె నిలవడ్డది ఆ పొద్దు. కొంగు నడుముకు చెక్కుకొని, మడ్‌గార్డు దిక్కే సూసుకుంట. "చాచా, జర..." అని ఒకపారి దగ్గెరకొచ్చింది. "వదినె, ఎండల నిలవడకు, అటు కూసో పో," అన్నడు సంపత్. ఇంకోపారి వచ్చింది. అప్పుడు అజీముద్దీనే అన్నడు, "నిప్పురవ్వలు పడుతయి బిడ్డా, దూరం జరుగు," అని. బండి నడిపేది ఎవరని ఆయన అడగలే. మొగోడు బండి తెచ్చిండు, మొగోడు సీట్ల కూసున్నడు, ఇగ అడిగేదేమున్నది?

"నదీమ్, గా లివర్లు దూరమైనయి కావచ్చు," అన్నడు మెల్లగ.

నదీమ్‌కు ఎంటనే సమజయ్యింది. సమజయ్యి బుగులు వట్టింది. "నీకేమన్న దిమాగ్ ఖరాబయ్యిందా భాయ్? వాళ్ళే నీది తప్పు లేదంటే నువ్వు మీదేసుకుంటవా? గిదే కొలతతోని ఇంకో మూడు బండ్లు తిరుగుతున్నయి. తొలకరి ముందట గిట్ల మాట బయటకు పోతే దుకాణం ముందట ఒక్క బండి ఆగదు. పీకుమన్నరు. పో, పీకి రా. గంతే."

అజీముద్దీన్ బోల్టులు ఏరుకుంటనే ఉన్నడు. ఆ పొద్దు ఆ బండికి బొక్కలు పడలే.

*

మర్నాడు శుక్రవారం, జుమ్మా. నమాజుల నిలవడ్డా ఆయన మనసు నిలవడలే. సజ్దాకు వంగితే ఎనుక నుంచి డబ్బా దిగుతున్న సప్పుడు ఇనొచ్చినట్టయ్యింది. మజీదు బయట ఎవరో సలాం చెప్తే జవాబు చెప్పకుంట చెప్పుల కోసం ఎతుకుకుంట పోయిండు, చెప్పులు కాళ్ళకే ఉన్నయి.

ఇంటికొస్తే భార్య గౌహర్ కుట్టు మిషిన్ ముందట కూసొని గడప దిక్కు ఎవరితోనో పంచాయితి పెట్టుకున్నది. గౌహర్ మనిషి చిన్నది, నోరు పెద్దది. వీధిల ఆడోళ్ళ బట్టలన్ని ఆమె కాడికే వస్తయి. గడపల ఒకాయన జాకెట్ గుడ్డ పట్టుకొని నిలవడ్డడు.

"మా ఆమెకు కుట్టాలె అమ్మా. ఇగో, గింత ఉంటది," అని ఆయన రెండు చేతులు గాల్ల చాపి సూపెడుతుండు. "పొడుగు మా చెల్లె అంత. చెల్లె జాకెట్ తెచ్చిన, దాని కొలతతోనే కుట్టు."

"తొడుక్కునేది మీ చెల్లెనా?"

"కాదు, మా ఆమె."

"అయితే మీ ఆమెనే తోలియ్యి. చెల్లె కొలతకు కుడితే చెల్లెకే పడుతది. చంకల పట్టుకుంటే చెయ్యి లేవది, అప్పుడు గౌహర్ కుట్టు ఖరాబంటరు. పో అన్నా, మనిషిని తోలియ్యి, ఐదు నిమిషాల పని."

ఆయన గులుగుకుంట పోయిండు. గౌహర్ పల్లెంల అన్నం, చింతపండు ఖట్టా పెట్టి ముందట కూసున్నది. అజీముద్దీన్ బుక్క చేతుల పట్టుకొని అట్లనే ఉండిపోయిండు.

"క్యా హువా జీ?" అన్నది ఆమె. "నిన్నటి సంది సూస్తున్న. కూసుంటే లేస్తవు, లేస్తే కూసుంటవు. ఎవలితోనన్న లొల్లి అయ్యిందా?"

ఆయన చెప్పిండు. హనుమండ్లు వచ్చింది, బుచ్చవ్వ కాలు, సంపత్ మోకాలు, ఎండల నిలవడ్డ ఆడామె, తను దూరం జరుగుమన్నది, అన్ని చెప్పిండు.

"గా పిల్లకు పిల్లలున్నరా?" అని అడిగింది గౌహర్.

"ఎరుకలేదు."

"పేరు?"

"నవత అన్నడు."

"పేరు కూడ హనుమండ్లు చెప్తే ఎరుకైంది." గౌహర్ పల్లెం దిక్కు సూపెట్టింది. "తిను. తిన్నంక ఆలోచన చెయ్యి. ఉత్త కడుపుతోని చేసిన ఆలోచన నీకెప్పుడు అచ్చిరాలే."

తిన్నడు గని రుచి తెలువలే. ఆయనకు సిగ్గయ్యింది. సిగ్గు కన్న ఎక్కువ భయమయ్యింది. లివర్లు పీకి వస్తే అసలు తప్పు ఎవ్వరికీ తెలువది. పీకిన వాల్వు తెచ్చి ఇంకో బండికి పెట్టచ్చు. ఆ పిల్ల మాత్రం అత్త కాలు ఇరగ్గొట్టిన కోడలుగనే బతుకుతది. అది ఆయనకు చానా మంచిగ తెలుసు.

*

శనివారం పొద్దుగాల పనిముట్ల డబ్బాను మోటర్ సైకిల్‌కు తాళ్ళతోని కట్టుకొని బయలెల్లిండు. డబ్బాల ఫర్మా కూడ ఏసుకున్నడు, ఎందుకేసుకున్నడో తనకే తెలువదు. తొవ్వల రెండుసార్లు ఆగిండు. ఒకపారి డబ్బా కట్టు వదులయ్యిందని, ఇంకోపారి ఏ కారణం లేకుంట. టేకుచెట్లు ఆకులన్ని రాల్చి మోడుగ నిలవడ్డయి. చేన్లల్ల పెంట కుప్పలు వరుసగ పోసి ఉన్నయి.

హనుమండ్లు ఇంటి ముందట రేకుల కొట్టం కింద బండి ఉన్నది. ఎనుక పెంట డబ్బా ఇంకా తగిలిచ్చే ఉన్నది. అమ్మెయ్యబోయే బండి, అయినా బానెట్ మీద దుమ్ము లేదు, ఎవరో పొద్దుగాలనే తుడిసిన్రు. అరుగు మీద మంచంల బుచ్చవ్వ కూసొని ఉన్నది, మోకాలు దాంక తెల్ల పట్టీ, వేళ్ళ కాడ గుడ్డ కట్టు. సంపత్ బంకుకు పోకుంట ఇంట్లనే ఉన్నడు.

"వచ్చినవా సాయబూ," అన్నది బుచ్చవ్వ. "మొత్తానికి మా బండిని ఉత్త బండిని చేస్తందుకు వచ్చినవు."

"నువ్వు ఊకో," అన్నడు హనుమండ్లు.

నవత చెంబుతోని నీళ్ళు తెచ్చింది. కండ్లు ఉబ్బినయి. నడుముకు చెక్కిన కొంగుల నూనె తుడిసే గుడ్డపీలిక ఇంకా ఉన్నది, తీసుడు మరిసినట్టున్నది. చెంబు అరుగు అంచుకు పెట్టి తిరిగిపోబోయింది.

"బిడ్డా," అన్నడు అజీముద్దీన్. "ఆ పొద్దు ఎట్లయ్యిందో జర చెప్పు."

"చెప్పేదేమున్నది భాయ్..." అని హనుమండ్లు అందుకున్నడు.

"ఆమెను చెప్పనీ అన్నా."

నవత బండి దిక్కు సూసుకుంట చెప్పింది. "అత్తమ్మ ఇంకొంచెం వంచుమన్నది. నేను ఎనుకకు సూసుకుంటనే ఎర్ర లివర్ మీద చెయ్యేసిన. అత్తమ్మ మీది నుంచి సూపు తియ్యలే. నల్ల లివర్ ముట్టలే చాచా. ఎన్నిసార్లు యాది చేసుకున్నా దాని మీద చెయ్యి పెట్టినట్టు యాదికి వస్తలేదు." "అందరు అంటున్నరు గదా, ముట్టిన్నో ఏమో. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం పోయింది."

"ఇన్నవా?" అన్నడు హనుమండ్లు. "ఆమెనే అంటున్నది."

సంపత్ బండెక్కి సెల్ఫ్ కొట్టిండు. పొగ కక్కుకుంట ఇంజను అందుకున్నది. నల్ల లివర్ ఎనుకకు గుంజి డబ్బాను లేపిండు, ముందట ఉన్న ఎర్ర లివర్ గుంజి వంచిండు, సక్కగ చేసిండు, మళ్ళ వంచిండు. లిఫ్టు జానెడు కూడ దిగలే. "సూడు చాచా, మఖన్ లెక్క మెత్తగ నడుస్తుంది. బండిల ఏం లేదు," అన్నడు. వదినెను తిట్టాలెనని గాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. నవత నెత్తి దించుకున్నది.

అజీముద్దీన్ తనే ఎక్కి కూసున్నడు. ఆయనకూ పొడుగు చేతులే. ఎనుకకు సూసుకుంట చెయ్యి చాపిండు. ఎర్ర గుండు చేతికి దొరికింది, డబ్బా వంగింది, లిఫ్టు కదలలే. మూడుసార్లు చేసిండు. ఏం కాలే.

హమ్మయ్య అనుకున్నడు. అబద్ధమెందుకు, రెండు రోజుల సంది రొమ్ము మీదున్న బరువు దిగినట్టయ్యింది. తన తప్పు లేదు. లివర్లు మంచిగున్నయి. నదీమ్ చెప్పినట్టు పీకి పోవుడే. ఇంజను బందు పెట్టి, పానా తీసి, వాల్వు మొదటి బోల్టు వదులు చేసిండు.

"గుడ్డపీలిక ఉన్నదా బిడ్డా, నూనె కారుతది," అన్నడు.

నవత నడుముల గుడ్డపీలిక తీసి చెయ్యి చాపింది. చాపితే గాజులు ఎనుకకు జారినయి. ఆమె కుడి చెయ్యి లోపలి దిక్కు, మోచెయ్యికి నాలుగు వేళ్ళ కింద, రూపాయి బిళ్ళకన్న పెద్దగ గుండ్రటి కమిలిన మచ్చ ఉన్నది. అజీముద్దీన్ ఆ మచ్చను సూసిండు. నల్ల లివర్ గుండును సూసిండు. మళ్ళ మచ్చను సూసిండు.

"గిదేంది బిడ్డా?"

"ఏందో చాచా. పెంట తోలుడు షురూ అయినకాడి నుంచి ఉన్నది. మొదలు ఎర్రగ ఉండె, ఇప్పుడు నల్లగయ్యింది. ఏడ తాకుతుందో ఎరుకలేదు."

అజీముద్దీన్ చేతిల పానా అట్లనే ఆగింది. ఏడ తాకుతుందో ఆయనకు ఎరుకయ్యింది. ఇప్పుడు కూడ నోరు మూసుకోవచ్చు. బోల్టులు ఇంకో మూడే ఉన్నయి. ఆ పిల్లను బండెక్కిచ్చి సూపెట్టచ్చు గూడ, గని అప్పుడు ఏమంటరు? సూసిన్రా, మళ్ళ అదే చేసింది అంటరు. ఆయన హనుమండ్లును పై నుంచి కింది దాంక సూసిండు. మనిషి గట్టోడే, ఎత్తు మాత్రం కోడలికన్న రెండు వేళ్ళు ఎక్కువ ఉంటే ఉంటడు.

వదులు చేసిన బోల్టును మళ్ళ బిగించిండు.

"అన్నా, ఒక పాత గంప ఉంటే ఇయ్యి."

"గంపెందుకు?"

"ఇయ్యి, చెప్త."

అంచులు పోయిన పెంట గంపను సంపత్ తెచ్చిచ్చిండు. అజీముద్దీన్ దాన్ని డబ్బా కింద, బుచ్చవ్వ నిలవడ్డ జాగల బోర్లిచ్చిండు. "గీడనేనా అవ్వా?" అని అడిగితే బుచ్చవ్వ మంచంల కెళ్ళి మెడ చాపి, "ఇంకొంచెం ఇటు. ఆఁ, గాడనే," అన్నది. తర్వాత ఆయన అందరిని దూరం జరిపి, "హనుమండ్లన్నా, నువ్వు ఎక్కు," అన్నడు.

"నాకు బండి రాదు భాయ్. నేనెన్నడు సీట్ల కూసోలే."

"నడుపుడు లేదు. కూసో, నేను చెప్పినట్టు చెయ్యి."

హనుమండ్లు ధోతి ఎగ్గట్టి ఎక్కిండు. కూసున్నంక కొద్దిగ గర్వంగనే మీసం తడుముకున్నడు. అజీముద్దీన్ సెల్ఫ్ కొట్టిచ్చిండు. నల్ల లివర్ గుంజిపిచ్చి డబ్బాను నడుమెత్తుకు లేపిచ్చిండు. ఎర్ర లివర్ తనే గుంజి సగం వంచిండు.

"ఇప్పుడు ఎనుకకు సూడు అన్నా. గంప అవ్వ అనుకో. సూపు దాని మీద నుంచి తియ్యకు. ఎర్ర లివర్ మీద చెయ్యేసి ఇంకొంచెం వంచు. నల్ల లివర్‌ను మాత్రం ముట్టకు."

"ముట్ట. నాకంత తెలివి లేదనుకున్నవా?"

ఎడమ భుజం మీది నుంచి ఎనుకకు సూసుకుంట హనుమండ్లు కుడి చెయ్యి ముందుకు చాపిండు. వేళ్ళు ఎర్ర గుండుకు జానెడు ఇవతలనే ఆగినయి. ఇంకొంచెం చాపిండు. అందలే. పిర్రలు సీటు మీది నుంచి జర లేసినయి, మనిషి ముందుకు వంగిండు, ముంజెయ్యి పోయి నల్ల గుండు మీద ఆనింది. వేళ్ళు ఎర్ర గుండును అందుకున్నయి. అదే ఊపుకు నల్ల లివర్ ముందుకు పోయింది.

డబ్బా దబ్బున దిగింది. గంప పటపట ఇరిగి నేలకు అంటుకపోయింది. కోళ్ళు అరుసుకుంట కొట్టంల కెళ్ళి ఉరికినయి.

"నేను ముట్టలే!" అన్నడు హనుమండ్లు. "భాయ్, ఒట్టు, నల్ల లివర్ నేను ముట్టలే!"

ఇంజను ఒక్కటే టకటక కొట్టుకుంటున్నది. హనుమండ్లు మెల్లగ కిందికి సూసుకున్నడు. ఆయన ముంజెయ్యి ఇంకా నల్ల గుండు మీదనే ఉన్నది.

"గదే మాట," అన్నది బుచ్చవ్వ మంచంల కెళ్ళి. "గదే మాట నా కోడలు సోమవారం సంది అంటుంది. ఒక్కలన్న ఇన్నరా? నేను మాత్రం ఇన్ననా?"

నవత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్సింది. ఇన్ని రోజులు అందరి ముందట ఏడ్వని ఏడుపంత ఒక్కపారి వచ్చింది.

అజీముద్దీన్ ఇంజను బందు పెట్టిండు. టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. "గల్తి ఆమెది గాదు, అన్నా. నీది గాదు. నాది. నడిపేటోళ్ళను అడగకుంట బండి తెచ్చినోని కొలత తీసిన. ఆమె చేతికి అందని జాగల లివర్ పెట్టి ఆమె మీద తప్పు పెట్టనిచ్చిన. మొన్న నువ్వు నా పని మంచిగున్నదంటే గప్పుడే నాకు అనుమానమొచ్చింది, అయినా నోరు తెరవలే. మాఫ్ చెయ్యి బిడ్డా. అవ్వా, నీ కాలు నాదే పాపం."

"నా మోకాలు తాకుతదని నేనే ముందుకు జరుపుమన్న," అన్నడు సంపత్. ఆయన ఇరిగిన గంప పుల్లలు ఏరుకుంట ఎవలి మొహం సూడలే. "మోకాలే గదా, తాకితే ఏమయితుండె."

హనుమండ్లు బండి దిగిండు. దిగి, ఏం చెయ్యాల్నో తెలువక, బానెట్ మీద లేని దుమ్మును తువ్వాలతోని తుడిసిండు. కోడలి దిక్కు రెండుసార్లు సూసిండు.

అజీముద్దీన్ జేబుల కెళ్ళి సుద్దముక్క తీసిండు. "కూసో బిడ్డా."

నవత కదలలే. మామ దిక్కు సూసింది.

"కూసో," అన్నడు హనుమండ్లు, తువ్వాలను సూసుకుంటనే. "ఆయన పిలుస్తలేడా? ఎక్కు."

ఆమె కండ్లు తుడుసుకొని ఎక్కింది. ఎక్కుడుల ఆలస్యం లేదు, ఎడమ కాలు మెట్టు మీద, చెయ్యి స్టీరింగ్ మీద, కూసుండుడు అన్ని ఒక్కపారే అయినయి. "ఎనుకకు సూడు. చెయ్యి చాపకు, ఉత్తగ పక్కకు ఇడువు. నీకు ఏడ కావాల్నో నువ్వే పెట్టు," అన్నడు అజీముద్దీన్. ఆమె చెయ్యి నల్ల లివర్‌కు ఇవతల, తొడ పక్కన మడ్‌గార్డు మీద ఆగింది. ఆయన గీత గీసిండు.

"గాడ గాదు చాచా. ఇంకో రెండు వేళ్ళు ఎనుకకు. గుంతల పడితే చెయ్యి ఊగుతది."

ఆ గీత తుడిసి ఇంకో గీత గీసిండు. గీసుకుంటనే అడిగిండు, "ఆ పొద్దు దుకాణంల రెండుసార్లు దగ్గెరకొచ్చినవు. ఏందో చెప్పబోతివి గదా?"

"గిదే చాచా. నాకు చెయ్యి అందది అని చెప్పబోయిన."

అజీముద్దీన్ సుద్దముక్క జేబుల ఏసుకున్నడు. వాల్వు ఇప్పిండు, నూనెను పాత డబ్బాల పట్టిండు, కొత్త గీత మీద బొక్కలు కొట్టిండు. వాల్వు ఎనుకకు జరిగితే పైపులు మడుత పడుతున్నయని, పైపును మలిపే రెండు ఇనుప వంపు ముక్కలు ఏసి తిప్పిండు. పాత బొక్కలల్ల నీళ్ళు పోకుంట పొట్టి బోల్టులు బిగించిండు. ఇంజను షురూ చేసి, జాయింట్ల కాడ చెయ్యి పెట్టకుంట అట్ట ముక్క పట్టి సూసిండు, సన్నగ నూనె జిమ్మితే చర్మంలకు దిగుతదని. అట్ట మీద సుక్క పడలే. ఈసారి ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలే.

హనుమండ్లు ఫోన్ చెవికి పెట్టుకొని గోడ కాడికి పోయిండు. "ఆఁ, బుచ్చిరాములూ. బండి ఇయ్యం తమ్మీ... లేదు, మంచిగనే ఉన్నది... ఎవలు నడుపుతరంటే? మా కోడలు నడుపుతది. ఇన్ని దినాలు ఎవలు నడిపిన్రు?" అన్నడు. ఆఖరి మాట కోపంగ అన్నడు. ఎవలి మీద కోపమో ఆ తోడల్లునికి సమజయ్యి ఉండదు.

నవత బండిని కొట్టంల కెళ్ళి తీసింది. ఇంటి పక్క చేను అంచున ఇంకా మిగిలిన పెంట కుప్ప కాడికి పోయింది. డబ్బా నింపేతందుకు ఈసారి సంపత్ పార పట్టుకొని ఎనుక నడిచిండు.

అజీముద్దీన్ పనిముట్లు సదురుకున్నడు. అడుగున ఫర్మా కనవడ్డది. దాన్ని తీసి మోకాలు మీద పెట్టి నడుమకు వంచిండు, మళ్ళ వంచిండు, రేకు పుటుక్కుమని ఇరిగింది. నదీమ్‌కు ఫోన్ చేసిండు.

"పీకినవా భాయ్?"

"పీకలే, జరిపిన. నువ్వు గా మూడు బండ్లోళ్ళకు ఫోన్ చెయ్యి. అజీముద్దీన్ గల్తి చేసిండు, లివర్లు జరపాలె, బండ్లు తీసుకొని జల్ది రమ్మన్నడని చెప్పు."

"గట్లనే చెప్పాల్నా?"

"గట్లనే. తెచ్చేటోళ్ళు గాదు, నడిపేటోళ్ళు రావాలె అని కూడ చెప్పు. జీతగాడు నడిపితే జీతగాడే రావాలె."

ఫోన్ జేబుల ఏసుకొని తల లేపితే చేన్ల బండి ఆగి ఉన్నది. డబ్బా నడుమెత్తున వంగి ఉన్నది. సంపత్ పారతోని అడుగున గీకుకుంట, "ఇంకొంచెం వంచు వదినె!" అని మొత్తుకున్నడు. మంచం మీద బుచ్చవ్వ పట్టీ కాలును దగ్గెరకు గుంజుకున్నది. హనుమండ్లు గోడ కాన్నే ఆగిపోయిండు.

నవత ఎనుకకే సూస్తున్నది. లివర్ దిక్కు ఒక్కపారి కూడ సూడలే. చెయ్యి దానంతటదే పక్కకు పోయింది, డబ్బా జర వంగింది, పెంట జారి చేన్ల పడ్డది.